కొండదారిలో చూపు

నల్లమల అడవులలో ఎగువ అహోబిలము నుండి జ్వాలానరసింహస్వామి సన్నిధికి పోవు కాలిదారి భవనాశిని లోయ వెంట సాగును. ఇరువైపుల నిట్టనిలువు కొండచరియలు, నడుమ ఏటిలోని బండరాళ్లు. వానలు కురిసిన దినములలో గుడి చెంత కొండపైనుండి జాలువారు నీటి తుంపరలలో తడియుచు యాత్రికులు ముందుకు పోవలసియుండును.

ఆ లోయను చూచి నిలిచిపోయినవానిని తోటివారు తొందరపెట్టుచుందురు. "కొండలు చూచుటకా వచ్చితిమి? స్వామిని చూతము, నడువుము" అందురు. ఈ మందలింపులో న్యాయము లేకపోలేదు. సుందర దృశ్యము ఇంద్రియములను తనవైపు ఈడ్చుకొనును. వినోదయాత్రకు తీర్థయాత్రకు భేదముండవలదా?

భేదమున్నది, కాని అది కన్నులు మూసికొనుటలో లేదు. బృహదారణ్యకములోని అంతర్యామి బ్రాహ్మణము పృథివి, జలము మొదలైనవన్నియు పరమాత్మకు శరీరమని బోధించును. దానిని ఆధారముగా గొని శ్రీరామానుజులవారు చిదచిత్తులు రెండును భగవంతుని శరీరమేయని నిరూపించిరి. అట్లైనచో ఏటిని చూచినవాడు స్వామినుండి చూపు మరల్చినవాడెట్లగును? తిరుమలకొండ ఆదిశేషుడేయని ఎంచి, పాదము మోప జంకి, ఆ ఆచార్యులు మోకాళ్లపై ఎక్కిరని సంప్రదాయము. కొండను మరచిన మనస్సు చేయు పని కాదది. అహోబిలమును కీర్తించిన తిరుమంగయాళ్వారు సైతము అచ్చటి పగిలిన గుట్టలను, కాలిన వెదుళ్లను విడువక పాశురములలో నిలిపిరి.

అయితే ఈ సిద్ధాంతమును అంగీకరించినవారికి సుఖము తక్కువ. ఏరు స్వామి శరీరమైనచో అందులో విసరిన ప్లాస్టిక్ సీసా ఎవరిపై పడినట్లు? ఇంతకంటె చిక్కైనది డోలీ. నడువలేని వృద్ధులు డోలీలో పోవుట దోషము కాదు; మోయువారు లేనిచో వారికి ఆ దర్శనమే లేదు. కాని అచిత్తైన రాతికి చేతులు జోడించిన భక్తుడు, చేతనుడైన మనిషి భుజము దగ్గరకు వచ్చునప్పటికి పది రూపాయలకు బేరమాడును! వాని చూపు తప్పినది లోయను చూచినప్పుడా, కూలి లెక్కించినప్పుడా?

డోలీ మోయువారికి ఆ త్రోవలో అందము చూచు తీరిక లేదు. తరువాతి అడుగు పడు రాయి ఒక్కటే వారికి కనబడును. పైకి చేరి బరువు దించిన పిమ్మట, తువ్వాలుతో మొగము తుడిచికొని, అప్పుడు లోయవైపు తిరిగి నిలుతురు. డోలీ దిగినవారు సాధారణముగా వెనుదిరిగి చూడరు. హారతి వేళ మించునను ఆతురత వారిది. ఏ ముసలమ్మయో మాత్రము గడపయొద్ద ఆగి, వారు నీరు త్రాగువరకు వేచి, "మీరును రండి నాయనా, కలిసి లోపలికి పోదము" అని పిలుచును.