దస్త్రమెవరిది?

పంచాయతీ కార్యాలయమునకు బోయి, గడచిన సంవత్సరము తన వీధి కాలువకైన ఖర్చు లెక్కను చూపుడని యొక గృహస్థు అడిగెననుకొందము. అడుగునప్పుడు అతని కంఠము కొంత తగ్గును. విన్న ఉద్యోగి కనుబొమలు కొంత ముడివడును. అడిగినవాడు తాను తగవునకు వచ్చినట్లు తలచి సిగ్గుపడును. అడుగబడినవాడు తన్ను దొంగ యనినట్లు భావించి నొచ్చుకొనును. "ఈ లెక్క మీకెందుకండీ?" అను ప్రశ్న వెంటనే వచ్చును. దానికి సమాధానము తోచక గృహస్థు ఇంటికి మరలును. ఇద్దరిలో నెవ్వరును దుర్మార్గులు గారు. అయినను అక్కడ జరుగవలసిన పని జరుగలేదు. ఈ సిగ్గునకును ఈ నొప్పికిని కారణమేమి? ప్రజలకు సంబంధించిన లెక్కను ప్రజలలో నొకడు అడుగుట అమర్యాదయా? హక్కా? అంతకు మించి కర్తవ్యమా? ఈ విషయమును విచారింపదలచితిమి.

లెక్క యడుగుట అవమానమను భావము మన యిండ్లలోనే పుట్టుచున్నదని మా యభిప్రాయము. ఉమ్మడి కుటుంబమున రాబడి యెంతయో అన్నగారిని తమ్ముడడుగరాదు. పొలము ఎవరి పేర నున్నదో కోడలడుగరాదు. పుట్టింటివారు పెట్టిన బంగారము ఏ తాకట్టులో నున్నదో ఆ బంగారము గల యిల్లాలే యడుగరాదు. అడిగినచో "మామీద నమ్మకము లేదా?" అందురు. ఈ యొక్క మాటతో ఎంతటి న్యాయమైన ప్రశ్నయైనను అణగిపోవును. కాని పద్దు పుస్తకమును నడియింట నుంచి, ఇంటివారెవరైనను చూడవచ్చునను కుటుంబములను గూడ మేమెరుగుదుము. అట్టి యిండ్లలో అనుమానములు పెరుగుటకు బదులు తరుగుటయే చూచుచున్నాము. లెక్క కనబడు చోట నమ్మకము నిలుచును. కనబడని చోట నమ్ముడని మాటిమాటికి చెప్పవలసి వచ్చును.

ఇంటికి చెల్లిన న్యాయము ఊరికిని చెల్లును. కావున మొదట తేల్చవలసినది దస్త్రము ఎవరి సొత్తను విషయము. మన ధర్మశాస్త్రకారులు వివాదములను పదునెనిమిది తెగలుగా విభజించిరి. మనుస్మృతిలో ఋణము తరువాత రెండవదిగా చెప్పబడినది నిక్షేపము; అనగా ఒకడు నమ్మి మరియొకని వద్ద దాచిన సొమ్ము. దీనినే తెలుగున ఇల్లడ యందురు. ఇల్లడ పుచ్చుకొన్నవాడు దానిని కాపాడవలసినవాడే గాని దానికి కర్త గాడు. దాచుకొన్నవాడు వచ్చి యడిగినప్పుడు "నీకెందుకు?" అనుటకు అతనికి అధికారము లేదు. ప్రభుత్వ కార్యాలయములలోని కాగితములు ఇట్టి యిల్లడలే. వ్రాసిన సిరా, వ్రాసినవాని జీతము, కాగితమును దాచిన బీరువా, ఆ బీరువా యున్న గది, సమస్తమును ప్రజల పన్నుల వలన వచ్చినవే.

పూర్వము ఈ యిల్లడకు యజమానుడు రాజు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున లెక్కలకును దస్త్రములకును అక్షపటలమను ప్రత్యేకస్థానమును చెప్పెను. ఉద్యోగులు రాజధనమును అపహరించు ఉపాయములను నలుబదింటిని లెక్కించెను. కాని ఆ లెక్కలన్నియు రాజునకు చూపవలసినవే గాని ప్రజలకు గావు. మన గ్రామములలో కరణములు దండకవిలెలను తరతరములుగా వ్రాసి కాపాడిరి. మెకంజీ దొర పరివారము కైఫీయత్తులను కూర్చినప్పుడు ఇట్టి కవిలెలనే ఆధారము చేసికొనిరి. ఆ సేవకు మనము కృతజ్ఞులము. కాని కాగితములు కరణముగారి యింట నుండుటచే అవి కరణముగారివే యను భ్రమ రైతునకు గలిగెను. అప్పుడప్పుడు కరణముగారికిని గలిగెను. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ పదవులను రద్దు చేసినది. పదవి పోయినను భ్రమ పోలేదు. రాజు స్థానమున ప్రజలు కూర్చున్నారని 1950 నాటి రాజ్యాంగము చెప్పినది. ప్రజాసేవకులు ప్రజల పేర చేసిన పనులను తెలిసికొను హక్కు ప్రజలకు కలదని 1975లో రాజ్ నారాయణ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు న్యాయమూర్తి మాథ్యూగారు వ్రాసిరి. ఒకప్పుడు రాజడిగిన లెక్కను ఇప్పుడు పౌరుడడుగవలెను. రాజు అడిగినప్పుడు "ఎందుకు?" అన్న ఉద్యోగి లేడు గదా!

అయితే ఈ న్యాయమును గ్రంథములనుండి తీసి వీధిలోనికి దెచ్చినవారు పండితులు గారు, కూలివారు. రాజస్థానమున 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను సంఘము కూలి తక్కువగా ముట్టుటను గూర్చి విచారింపబోగా ఒక చిక్కు వచ్చినది. ఇంత పని చేసితిమని కూలివారనిరి. కాగితములలో అట్లు లేదని అధికారులనిరి. ఆ కాగితములను చూపుడన్నచో అవి రహస్యములనిరి. అప్పుడు ఆ సంఘమువారు పట్టుబట్టి సంపాదించిన దస్త్రములను 1994 డిసెంబరులో పాలీ జిల్లాలోని కోట్ కిరానా గ్రామమున, ఊరివారందరి యెదుట బిగ్గరగా చదివిరి. అక్కడను, తరువాత జరిగిన ఇతర విచారణలలోను, పనికి రానివారి పేర్లు మస్టరు రోలులలో నుండుటయు, పూర్తికాని పనులకు పూర్తి బిల్లులుండుటయు బయటపడినవి. 1996లో బియావర్ పట్టణమున నలుబది దినములు ధర్నా చేసిరి. మా సొమ్ము, మా లెక్క యనునదియే వారి వాదము. రాజస్థానమునకు 2000లో ఒక చట్టము వచ్చినది. దేశమంతటికిని పార్లమెంటు చేసిన సమాచార హక్కు చట్టము 2005 అక్టోబరు 12 నుండి అమలులోనికి వచ్చినది. మన ఆంధ్రదేశమునను 2006 నుండి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ ప్రారంభమై, మస్టరులు గ్రామస్థుల యెదుట చదువబడినవి. మస్టరులో ఒక పేరు తప్పినచో ఒక యింట పొయ్యి వెలుగదు. దస్త్రము చదువువారికి ఈ సంగతి జ్ఞప్తియందుండవలెను.

ఇక అడుగు విధానమును చెప్పుదము. ఇది బ్రహ్మవిద్య గాదు. తెల్లకాగితముపై తెలుగుననే వ్రాయవచ్చును. ప్రతి కార్యాలయమునను పౌర సమాచార అధికారి యొకరుండవలెను. పంచాయతీలో సాధారణముగా కార్యదర్శియే ఆ యధికారి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2005లో చేసిన నియమముల ప్రకారము గ్రామస్థాయి కార్యాలయములలో దరఖాస్తునకు రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, అంతకు పై కార్యాలయములలో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు ఎచ్చటను చెల్లింప నక్కరలేదు. వ్రాయలేనివాడు నోటితో చెప్పినచో దానిని వ్రాతలో పెట్టుటకు సాయపడుట ఆ యధికారి విధి. దరఖాస్తు ఇచ్చునప్పుడు తన వద్దనుంచుకొను నకలుపై కార్యాలయపు ముద్రయు తేదీయు వేయించుకొనవలెను. అడిగిన దస్త్రము మరియొక కార్యాలయమున నున్నచో, అయిదు దినములలో ఆ యధికారియే దరఖాస్తును అక్కడికి పంపవలెను గాని మనలను త్రిప్పరాదు.

సమాధానమునకు గడువు 30 దినములు. ప్రాణమునకో స్వేచ్ఛకో సంబంధించినదైనచో 48 గంటలు. గడువు దాటినచో నిరాకరించినట్లే లెక్క. ఆపైన ఇచ్చు నకళ్లకు సొమ్ము పుచ్చుకొనరాదు. అప్పుడు 30 దినములలోగా పై యధికారికి మొదటి అప్పీలును, అక్కడను న్యాయము జరుగనిచో 90 దినములలోగా రాష్ట్ర సమాచార కమిషనునకు రెండవ అప్పీలును చేసికొనవచ్చును. తగిన కారణము లేక ఆలస్యము చేసిన యధికారికి దినమునకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా విధించు అధికారము కమిషనునకు కలదు.

అడుగుటలో నేర్పు ప్రశ్నను కూర్చుటయందున్నది. "మా కాలువ యెందుకు పాడైనది?" అని వ్రాసినచో ఫలము లేదు. చట్టము ఇప్పించునది కార్యాలయమున నున్న దస్త్రములనే గాని అధికారి మనసులోని కారణములను గాదు. ఫలానా సంవత్సరమున ఫలానా వీధి కాలువ పనికి సంబంధించిన పంచాయతీ తీర్మానము, అంచనా, కొలతల పుస్తకములోని పుటలు, బిల్లులు, వోచర్లు, వీని ధ్రువీకరించిన నకళ్లు ఇప్పింపుడని వ్రాయవలెను. నకళ్లతో తృప్తి చెందనివారు స్వయముగా దస్త్రమును చూడవచ్చును, పనిని పరీక్షింపవచ్చును, వాడిన సామగ్రి మచ్చును గూడ తీసికొనవచ్చును. ఆ పిమ్మట ఒక టేపు పట్టుకొని వీధిలోనికి బోయి కాలువను కొలిచినచో, కాగితమునకును కాలువకును ఎంత భేదమున్నదో బడిపిల్లలకైనను తెలియును.

"మీకెందుకు?" అను ప్రశ్నను గూర్చి చట్టము స్పష్టముగా చెప్పినది. దరఖాస్తు పెట్టినవాడు కారణము చెప్ప నక్కరలేదు; అతనితో ఉత్తరప్రత్యుత్తరములు జరుపుటకు కావలసిన చిరునామా తప్ప తన్ను గూర్చిన వివరములేవియు ఈయ నక్కరలేదు. ఇది కేవలము అడుగువానిని కాపాడు నియమమని పలువురు తలచుచున్నారు. మేమింకొక యర్థమును గూడ చూచుచున్నాము. కారణమడుగరానప్పుడు, నష్టపడినవాడే అడుగవలెనను నిర్బంధమును లేదు. వితంతువు పింఛను ఆగిపోయినచో, ఆ పింఛను మంజూరుల పట్టీ యే క్రమమున సాగుచున్నదో ఆమెయే అడుగవలెనా? ఆ వీధిలోని పౌరుడెవడైనను అడుగవచ్చును. ఈ మాటకు మరల వత్తుము.

అడుగువానికిని ధర్మము కలదు. ఇతరుల రోగములను, సంసారవిషయములను బయటపెట్టుటకు ఈ హక్కు పుట్టలేదు. వ్యక్తిగత విషయములకు చట్టము మొదటినుండియు మినహాయింపు నిచ్చినది. 2023లో చేయబడిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టము ఈ మినహాయింపును విస్తరించి, ఆ ఖండికలో ప్రజాప్రయోజనమును గూర్చి యున్న మాటలను తొలగించినది. దీనిచే మస్టరులోని పేర్లు గూడ మరుగుపడునేమో యని పలువురు భయపడుచున్నారు. మాకును ఆ భయము కలదు. అయినను, హానికంటె ప్రజాప్రయోజనము మిక్కిలియైనచో మినహాయింపు గల దస్త్రమునైనను ఈయవచ్చునను 8వ సెక్షనులోని రెండవ ఉపసెక్షను నిలిచియే యున్నది. దానిని గట్టిగా పట్టుకొనవలెను.

ఈ తూకము ఎట్లుండవలెనో మా యుపాధ్యాయవృత్తికి సంబంధించిన తీర్పే యొకటి చూపుచున్నది. విద్యార్థి తన జవాబుపత్రమును తాను చూచుకొనవచ్చునని 2011లో సుప్రీంకోర్టు చెప్పినది. దిద్దినవారి పేరు మాత్రము వెల్లడింపరాదనినది. మార్కు విద్యార్థిది, దిద్దినవాని క్షేమము దిద్దినవానిది. విచక్షణ లేక దస్త్రములన్నియు కావలెనని అడిగి కార్యాలయముల పనిని స్తంభింపజేయరాదని ఆ తీర్పుననే హెచ్చరికయు కలదు. కాగితము చేతబట్టుకొని ఉద్యోగిని బెదిరించి సొమ్ము లాగువారును లేకపోలేదు. అట్టివాడు లంచగొండికి తోబుట్టువు. కాని వానిని చూపి హక్కునే మూయవలెననువారు, దొంగసాక్షి యున్నాడని న్యాయస్థానమునే మూయుమనువారు. అదియుగాక, అడుగకయే ప్రకటింపవలసిన విషయములను పదునేడింటిని చట్టము చెప్పినది. కార్యాలయములు వానిని గోడమీద వ్రాసి యుంచినచో దరఖాస్తుల భారము తనంత తానే తగ్గును.

ఇక అన్నిటికంటె కష్టమైన సంగతి భయము. గ్రామమున దరఖాస్తు పెట్టినవాడు మరునాడు ఆ కార్యదర్శి ముఖమునే చూడవలెను. రేషను కార్డునకు, ఇంటి పట్టాకు ఆ గుమ్మమే యెక్కవలెను. కూలిచేసి బ్రదుకు కుటుంబము ఈ భయమును నిర్లక్ష్యము చేయజాలదు. ఈ దేశమున సమాచారమడిగినందులకు దెబ్బలు తినినవారును, ప్రాణములు గోల్పోయినవారును కలరు. వారిని పిరికివారని నిందించుటకు, చదువుకొని నెలజీతముతోనో పింఛనుతోనో సుఖముగా నున్న మనబోటివారికి ఏ యర్హతయు లేదు. అడిగినందువలన నష్టము ఎవరికి తక్కువయో, అడుగవలసిన బాధ్యత వారికి ఎక్కువ. ఇదియే మా సిద్ధాంతము. హక్కు అందరికిని సమానము. కర్తవ్యము మాత్రము శక్తిని బట్టి పెరుగును.

మన చదువరులలో ఉపాధ్యాయులు, వకీళ్లు, విశ్రాంత ఉద్యోగులు, మహిళాసంఘముల సభ్యురాండ్రు అనేకులు కలరు. కారణమడుగరాదను నియమము మనకొరకే యున్నదని గ్రహింపవలెను. ఒకరే యడిగినచో వారిపై కన్నుపడును. అదే దస్త్రమును పదిమంది వేరువేరు దరఖాస్తులతో అడిగినచో పగపట్టుటకు వీలుండదు. వచ్చిన కాగితములను బీరువాలో దాచక గ్రామసభలో చదువవలెను. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము పంచాయతీ వార్షిక లెక్కలు గ్రామసభ ముందు పెట్టవలసినవే. ఆ సభకు బోవు అలవాటు మన స్త్రీలకును పురుషులకును కలుగవలెను. అడుగునప్పుడు గౌరవము తప్పరాదు. నిజాయితీగల కార్యదర్శి లెక్క బయటపడినచో ఆయనకు దానికంటె మంచి యోగ్యతాపత్రము వేరొకటి లేదని ఆయనకును చెప్పవలెను.

ఈ నెలలో నొక దరఖాస్తు వ్రాయుడు. గడచిన సంవత్సరపు మీ పంచాయతీ జమాఖర్చుల నకలు ఇప్పింపుడని అడుగుడు. మీ యింటి పిల్లలను కూర్చుండబెట్టుకొని వ్రాయుడు. ఏల యడుగుచున్నామని వారు ప్రశ్నించినచో విసుగుకొనక, ఇది మన యిల్లడ యని చెప్పుడు.