ముగ్ధునకు చోటు

శరణులారా! శివుడు విషము మ్రింగెనని విని, ఆయనకేమగునోయని విలపించిన రుద్రపశుపతిని తలచుకొనుడు. పండితులకది అమాయకత్వము. పాల్కురికి సోమనాథుడు మాత్రము బసవపురాణమున ఆ ముగ్ధునకు భక్తుల నడుమనే చోటిచ్చెను.

ఈ కథను తరగతిలో చెప్పినవాడనే, నాచారములోని ఒక బడిలో, మాటయు చదువును ఆలస్యమైన బాలుని "వేరే బడికి పంపుడ"ని తల్లితో అంటిని. ఆమె కర్మాగారమున కూలి. ఆ వేరే బడి ఎచ్చటనో ఆమె అడుగలేదు, నేను చెప్పలేదు. బాలుడు ఇంటనే మిగిలెను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము ప్రభుత్వ సహాయమో గుర్తింపో గల బడులు ఇట్టి బిడ్డలను భేదము లేక చేర్చుకొనవలెను. ప్రత్యేక పాఠశాలను కోరుట ఆ బిడ్డ పక్షమువారి ఇష్టము; ఉపాధ్యాయుని తీర్పు కాదు.

జూన్ మాసమున బడులు తెరచునాడు, ఉప్పల్‌లో మీ వాడలో అట్టి బిడ్డ ఇంటనున్నచో, తల్లికి తోడుగా మీరును బడికి నడువుడు. ముందు బల్లపై చోటడుగుడు.