వరం ఉచితమే, మరి కూలి?



ఈమధ్య ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకొని నా గదికి వచ్చాడు. అబ్బాయి చిత్రకళలో డిగ్రీ ముగించి ఏడాదైంది. తండ్రి కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "మీరే చెప్పండి ఫాదర్ వీనికి. బొమ్మలు గీస్తే కూడు పెడ్తాదా? నంద్యాలలో ఉండి బ్యాంకు కోచింగుకు పోనంటాడు. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఇక్కడ చదువుకొని ఉద్యోగాలు తెచ్చుకుంటాండారు." అబ్బాయి తల వంచుకొని ఒక్క మాటే అన్నాడు. "దేవుడిచ్చిన విద్య ఫాదర్, ఎట్లా వదిలేది?"

ఇద్దరూ తీర్పు కోసం నా ముఖం చూశారు. నాకు మాట రాలేదు. కారణం చెబుతాను. మా గుడిలో పీఠం వెనుక గోడ మీద ఉన్న పునరుత్థాన చిత్రం ఈ అబ్బాయి గీసినదే. పాస్క పండుగకు ముందు పందొమ్మిది రోజులు నిచ్చెన మీద నిలబడి గీశాడు. పండుగనాడు నేను అతనికి శాలువా కప్పి, ఒక జపమాల ఇచ్చి, అందరిచేత చప్పట్లు కొట్టించాను. రంగుల డబ్బు సైతం తండ్రే పెట్టుకున్నాడని ఆనాడు నాకు తెలిసింది. అయినా అడగలేదు. "దేవుని పని కదా" అనుకున్నాను.

ప్రియులారా, ఆ మాటనే ఈనాడు మనం పరీక్షించుకోవాలి. దేవుడు ఉచితంగా ఇచ్చిన వరానికి వెల కట్టవచ్చునా?

ఉచితంగా పొందినదానిని ఉచితంగా ఇవ్వమని క్రీస్తు ప్రభువు శిష్యులకు చెప్పిన మాట మనకు బాగా జ్ఞాపకం. అది మత్తయి సువార్త పదవ అధ్యాయం, ఎనిమిదవ వచనంలో ఉంది. అదే ప్రసంగంలో, కేవలం రెండు వచనాల తరువాత, పనివానికి తిండి న్యాయంగా రావలసినదే అని కూడా ప్రభువు చెప్పారు. మొదటిది జ్ఞాపకం ఉంచుకొని రెండవది మరచిపోవడం మనకు లాభం గనుక మరచిపోతాము. వరం ఉచితమే. పందొమ్మిది దినాల చాకిరీ, రంగులు, కుంచెలు, ఆ రోజుల భోజనం ఉచితం కావు. మనం కూలి ఇచ్చేది వరానికి కాదు, మనిషి వెచ్చించిన జీవితానికి.

"అతడే ఇష్టపడి చేశాడు కదా" అనవచ్చును. 1891లో పదమూడవ లియో పాపుగారు కార్మికులను గురించి రాసిన విశ్వలేఖలో దీనికి జవాబుంది. పనివాడు అవసరం వల్లనో భయం వల్లనో తక్కువ కూలికి ఒప్పుకున్నంత మాత్రాన అది న్యాయమైపోదని, బేరం కంటే ముందే ప్రకృతి న్యాయం ఒకటి ఉన్నదని వారు బోధించారు. విచారణ గురువు అడిగితే కాదనగల యువకుడు ఎవడు? కనుక అతని నవ్వు నన్ను నిర్దోషిని చేయదు.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వీనాసు చెప్పిన ఒక సంగతి నాకు వింతగా తోచేది. శిల్పిని మెచ్చుకోవలసింది అతని మంచి ఉద్దేశాన్ని చూసి కాదట, చేసిన వస్తువు బాగుండడం చూసి. ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతున్నది. భక్తి ఉన్నంత మాత్రాన బొమ్మ బాగుండదు. ఏళ్ల సాధన కావాలి, మంచి పనిముట్లు కావాలి, నిశ్చింత కావాలి. కూలి లేనిచోట ఇవేవీ నిలువవు. అంటే కూలి ఎగవేసేవాడు ఆ వరాన్నే కొంచెం కొంచెంగా చంపుతున్నాడు.

కళతో బ్రతకడం ఎట్లాగో తెలుసుకోవాలంటే మనం ఎక్కువ దూరం పోనక్కరలేదు. నంద్యాల నుంచి కడప రోడ్డు పట్టుకొని ఆళ్లగడ్డ చేరితే చాలు. ఉలి చప్పుడు, కోత మిషన్ల రొద, తెల్లని దుమ్ము. తరతరాలుగా రాతిని నమ్ముకొన్న కుటుంబాలు అక్కడున్నాయి. ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అక్కడి పిల్లవాడు పెద్దల చేతికింద ఏళ్ల తరబడి నేర్చుకుంటాడు. దేవతా విగ్రహమైనా, నాయకుల విగ్రహమైనా వచ్చిన పని శ్రద్ధగా చేస్తారు. బండరాయి కొనాలన్నా, దించాలన్నా డబ్బు కావాలి గనుక బేరం, బయానా ముందే తేల్చుకోవలసి ఉంటుంది. అందువల్ల వారి భక్తి తగ్గిందని ఎవరైనా అంటారా? అయితే ఆ బ్రతుకు పూలబాట కాదు. రాతి దుమ్ము ఏళ్ల తరబడి పీల్చితే ఊపిరితిత్తులు పాడవుతాయి. విగ్రహం కొనేవారు ఆ సంగతి కూడా తలచుకోవాలి.

మన శ్రీసభ చరిత్రలోనూ ఒక ఒప్పందపత్రం ఉంది. 1498లో ఒక కార్డినల్‌గారు 23 ఏళ్ల మైఖెలాంజెలోతో, క్రీస్తు దేహాన్ని ఒడిలో ఉంచుకొన్న మరియతల్లి స్వరూపం కోసం ఒప్పందం చేసుకొన్నారు. 450 బంగారు నాణేలు, ఏడాది గడువు. అందులో నాకు నచ్చింది డబ్బు సంగతి కాదు. జాకోపో గల్లీ అనే పెద్దమనిషి ఇరువైపులా హామీ నిలిచాడు. శిల్పికి డబ్బు అందుతుందని, కార్డినల్‌గారికి రోములో అంతకు మించిన పాలరాతి పని ఉండదని మాట ఇచ్చాడు. ఆ స్వరూపం నేటికీ పునీత పేతురు మహాదేవాలయంలో ఉంది.

మన పిల్లలకు కరువైంది ఇటువంటి హామీదారులే.

యువకులారా, పునీత పౌలుగారు కొరింథులో గుడారాలు కుట్టి పొట్ట పోసుకొన్నారు. దానివల్ల ఆయన అపోస్తలత్వం తగ్గలేదు. బడిలో డ్రాయింగు చెప్పడం, పెండ్లి మండపానికి రంగులు వేయడం నామోషీ కాదు. లెక్క రాసుకోండి, మాట కాగితం మీద పెట్టుకోండి, గడువు తప్పకండి. కూలి అడిగే హక్కున్నవాడికి పని బాగా చేసే బాధ్యతా ఉంది. ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాసేవారి జీవనం ఎట్లా దెబ్బతిన్నదో చూశాము. ఒక్క పనినే నమ్ముకోకండి.

తల్లిదండ్రులారా, మీ భయం ప్రేమలోనుంచి పుట్టినదే. దానిని నేను తప్పు పట్టను. కాని మీ బిడ్డకు నిజంగా నేర్పు ఉందో లేదో తెలిసినవారిచేత చూపించండి. ఉంటే, బ్యాంకు కోచింగుకు ఇవ్వదలచిన రెండేళ్లూ దీనికీ ఇవ్వండి. తిరుపతిలో దేవస్థానం వారి శిల్పకళాశాల 1960 నుంచి ఉంది. కడపలో 2020లో కళల విశ్వవిద్యాలయమే వెలిసింది. నేర్పు లేదని తేలితే, ఆ మాటా ప్రేమతో చెప్పండి.

విచారణ పెద్దలారా, శ్రీసభకు కళ అవసరమని రెండవ జాన్ పాల్ పాపుగారు 1999 పాస్క పండుగనాడు కళాకారులకు రాసిన లేఖలో స్పష్టంగా చెప్పారు. అవసరమైనదానికి వెల చెల్లించడం ధర్మం. మైకు సెట్టువారికి ఇస్తున్నాము, షామియానావారికి ఇస్తున్నాము. స్వరూపాలకు రంగులు వేసే మన బిడ్డకు మాత్రం శాలువా చాలునా?

ఆ సాయంత్రం తండ్రీకొడుకులకు నేను తీర్పు చెప్పలేదు. నా అప్పు ఒప్పుకొన్నాను. తరువాతి వారం విచారణ సంఘంలో విషయం పెట్టాము. రంగుల ఖర్చూ, పందొమ్మిది రోజుల కూలీ లెక్కకట్టి ఇచ్చాము. తండ్రి ఆ కవరు రెండుసార్లు తిప్పి చూసి కొడుకు చేతిలో పెట్టాడు. "వచ్చే పాస్క దాకా చూస్తా" అన్నాడు.

గడువు చిన్నదే. ఆ గడువులో అతనికి పని చూపించే బాధ్యత ఇప్పుడు నాది, మీది. నజరేతులో చేతిపనితో కుటుంబాన్ని పోషించిన పునీత జోజప్పగారు మన పిల్లల చేతులను దీవించుగాక.