బూడిదలో గింజలు

రాజాంలో మా వీధికి పెరళ్ళు పోయి డాబాలు మిగిలాయి. నా డాబా మీద ఒక చిక్కుడు పందిరుంది. ఆషాఢంలో పెట్టిన గింజ, సంక్రాంతి నాటికి కాయ. కూరకి కోయగా మిగిలినవి తీగ మీదే ఎండనిస్తాను. కదిపితే లోపల గలగలమనాలి. ఒలిచాక చాటలో పోసి నాలుగెండలు పెడితే, గింజ పంటికి నొక్కు పడదు.

మా అమ్మ ఆ చాట దగ్గర కూర్చుంటే ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. లావైనవి, నిగనిగలాడేవి ఏరి, పిడకల బూడిద పట్టించి డబ్బాలో పోసేది. ముడతలు పడ్డవి వంటింట్లోకి. ‘‘ఏటలా చూత్తావు? మంచివి విత్తుకి. మనకీ సిన్నవి సాల్లే!’’ రథసప్తమికి అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్ళలేని ఏడు ఇంట్లోనే చిక్కుడుకాయలతో రథం కట్టేవాళ్ళం, చిక్కుడాకులో పరమాన్నం పెట్టేవాళ్ళం. ఆ రథానిక్కూడా విత్తనానికి వదిలిన కాయ తెంపనిచ్చేది కాదు. సూర్యుడైనా సరే.

తెలుగు మేష్టారుగా రిటైరయ్యాక యోగసూత్రాలకు వ్యాసభాష్యం చదివాను. జ్ఞానంతో కాలిన క్లేశాలు, అంటే మనసు మలినాలు, వేయించిన విత్తనాల్లాంటివట, మళ్ళీ మొలవవు. నాకు నమ్మకం చాలక, మూకుట్లో నాలుగు గింజలు వేపి ఒక కుండీలోనూ, డబ్బాలోవి నాలుగు ఇంకో కుండీలోనూ పెట్టాను. వారం తిరక్కుండా డబ్బావి తలలెత్తాయి. వేపినవి కుళ్ళాయి. భాష్యకారుడి మాట నిజమే.

అయితే చిక్కు అక్కడే. శాస్త్రంలో అలా క్లేశాలు కాలిన మేలైనవాడికి మళ్ళీ పుట్టుక లేదు. మా అమ్మ డబ్బాలో మేలైన దానికే మళ్ళీ పుట్టుక. తాలుకి మాత్రం ఆ యేడే కుండలో మోక్షం. పుట్టడం శిక్షయితే, ఆవిడ ఎంచి ఎంచి మంచివాటినే శిక్షించిందా? పోనీ శిక్షకాదంటే, ఇన్నేళ్ళు నేను నుదుట విభూతి పెట్టుకుని అడిగిందేమిటి? కాలిపోవడానికి గుర్తనుకున్న ఆ బూడిదే డబ్బాలో గింజని పురుగు నుంచి కాచింది. ఈ ముడి నాకు విడలేదు. విడదీయాలనీ లేదు.

నేను ఏరిన ముడతలు పడ్డవి రాత్రి నానేశాను. పొద్దున్న ఆ నీళ్ళు పారబోశాను. ఎండు చిక్కుడు గింజకి అది తప్పదు, వగరూ చేదూ పోవాలి. కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికించి, ఆ నీళ్ళూ వంపేసి, ఉల్లిపాయ, చింతపండు, చివర్లో వెల్లుల్లి పోపు. పులుసు బాగానే కుదిరింది. తింటూంటే ఒక లావు గింజ తగిలింది. ఏరేటప్పుడు నా కళ్ళద్దాలు ఎక్కడున్నాయో!