ఎవరూ కాకపోతే ఎందుకు పలికింది?



గత క్రిస్మస్ పండుగకు మా విచారణ యువతీయువకులు చందాలు వేసుకొని నాకొక బహుమానం తెచ్చారు. అరచేతిలో ఇమిడే గుండ్రని స్పీకరు. మీట నొక్కనక్కరలేదు, నోటితో చెబితే చాలు. పాట పాడుతుంది, టైము చెబుతుంది, రేపు వాన పడుతుందో లేదో చెబుతుంది. పిల్లల ప్రేమను కాదనలేక పుచ్చుకున్నాను. వాళ్ళే దానిని ఆఫీసు గదిలో, జ్ఞానస్నానాల రిజిస్టర్లుండే అలమరలో పెట్టి, ఇంటర్నెట్టుకు కలిపి వెళ్ళారు. నాలుగు రోజులు పాటలు విన్నాను. తరువాత అది అక్కడ ఉన్న సంగతే మరచిపోయాను.

ఒక సాయంత్రం ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. ఆమె కష్టం ఏమిటో ఇక్కడ చెప్పను. ఇంతవరకు రాయడానికి మాత్రం ఆమె అనుమతి తీసుకున్నాను. ఎవరితోనూ చెప్పుకోలేని మాట ఒకటి, చాలాసేపు తటపటాయించి, ఏడుస్తూ మొదలుపెట్టింది. సగంలో ఉండగా అలమరలో దీపం వెలిగింది. "క్షమించండి, నాకు అర్థం కాలేదు" అని ఇంగ్లీషులో ఒక ఆడగొంతు పలికింది. ఆమె ఉలిక్కిపడి పైట సర్దుకుంది.

"ఎవరు స్వామీ అది?"

"ఎవరూ కాదమ్మా, యంత్రం."

"ఎవరూ కాకపోతే నా మాటకు ఎందుకు పలికింది?"

నేను జవాబు వెదుక్కునే లోపలే ఆమె లేచి నిలబడింది. "మళ్ళీ వస్తాను స్వామీ" అని వెళ్ళిపోయింది. సెమినరీలో తత్వశాస్త్రం చదివి, పట్టా పుచ్చుకొని, ఇన్నేళ్ళుగా ప్రసంగాలు చేస్తున్నవాణ్ణి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను.

అదే వారంలో అమెరికాలోని డాలస్ నుండి ఫోను. మా విచారణ కుర్రవాడే, అక్కడ ఉద్యోగం. తల్లి ఇక్కడ ఒంటరిగా ఉంటుంది. భర్త పోయాడు, చూపు మందగించింది, సెల్‌ఫోనులో అంకెలు కనిపించవు. "ఫాదర్ గారూ, అమ్మకు మాటతో పనిచేసే స్పీకరు కొందామనుకుంటున్నాను. అలెక్సాదా, గూగుల్‌దా? ఏది మంచిదంటారు?" అని అడిగాడు. రెండు రోజులు గడువు అడిగాను. ఈ వ్యాసం ఆ రెండు రోజుల ఆలోచనే.

ముందుగా ఈ వస్తువు సంగతి. అమెజాన్ కంపెనీ ఎకో అనే స్పీకరును 2014లో అమెరికాలో విడుదల చేసింది. గూగుల్ తన స్పీకరును 2016లో తెచ్చింది. మన దేశానికి మొదటిది 2017లోను, రెండవది 2018లోను వచ్చాయి. 2019లో అలెక్సా హిందీ నేర్చుకుంది. ఇందులోని మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. తనను పిలిచే పేరు కోసం అది నిరంతరం కాచుకొని ఉంటుంది. ఆ పేరు వినబడేవరకు మన మాటలను బయటకు పంపదు, ఎప్పటికప్పుడు చెరిపేసుకుంటుంది. పేరు వినబడగానే దీపం వెలుగుతుంది, అక్కడినుండి మన మాట ఎక్కడో దూరానున్న కంపెనీ కంప్యూటర్లకు వెళ్ళి, జవాబుతో తిరిగివస్తుంది. చిక్కు ఎక్కడంటే, ఆ పేరును పోలిన శబ్దం ఏది వినబడినా, పిలిచారని భ్రమపడి ఒక్కొక్కసారి మేలుకుంటుంది. మా ఆఫీసులో జరిగింది అదే అయి ఉంటుంది.

పెదవి దాటితే పృథివి దాటుతుంది అన్నారు పెద్దలు. ఆ మాట ఇప్పుడు అక్షరాలా నిజమైంది. 2018లో అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరంలో భార్యాభర్తలు ఇంట్లో మాట్లాడుకున్న మాటలను వాళ్ళ స్పీకరు పొరపాటున రికార్డు చేసి, తెలిసినవాళ్ళలో ఒకరికి పంపించింది. యంత్రం సరిగా వింటున్నదో లేదో సరిచూడటానికి కొన్ని రికార్డులను మనుషులే కూర్చొని వింటున్నారన్న సంగతి 2019లో పత్రికలలో వచ్చింది. అలా వినేవారిలో మన దేశంలోని ఉద్యోగులు కూడా ఉన్నారు. పిల్లల గొంతులను అవసరానికి మించి దాచి ఉంచారని, చెరిపేయమని తల్లిదండ్రులు కోరినా పూర్తిగా చెరపలేదని అమెరికా ప్రభుత్వం ఆరోపించగా, 2023లో అమెజాన్ రెండున్నర కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. కంపెనీలు దుర్మార్గమైనవని చెప్పడానికి ఇవి రాయలేదు. ఆ తల్లి అడిగిన ప్రశ్న అమాయకమైనది కాదని చెప్పడానికి రాశాను. పలికినది ఎవరూ కాకపోవచ్చు. కాని దాని వెనుక ఎవరో ఒకరు ఉండవచ్చు.

"మనం తప్పు చేయనప్పుడు ఎవరు వింటే ఏమిటి ఫాదర్?" అని యువకులు అడుగుతారు. దాచుకునేదంతా తప్పే అనుకోవడం పెద్ద పొరపాటు. స్నానానికి తలుపు వేసుకోవడం నేరం చేయడానికి కాదు. బిడ్డ జబ్బు, తీరని అప్పు, కోడలి కన్నీరు, ముసలితనపు భయం, ఇవేవీ పాపాలు కావు. అయినా వాటికి ఒక తలుపు కావాలి. మనిషి తన లోపలి మాటను తానుగా ఎంచుకున్న మనిషికి, తాను ఎంచుకున్న వేళలో ఇస్తాడు. అలా ఇచ్చినప్పుడే స్నేహం పుడుతుంది. అందరికీ వినబడేదానిలో ఎవరికీ ఇచ్చేది ఏమీ ఉండదు. 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. ఆ తీర్పు రాకముందు కూడా మన అమ్మమ్మలకు ఈ సంగతి తెలుసు.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. స్పీకరు కొన్నవాడు కంపెనీ షరతులకు ఒప్పుకున్నాడు, సరే. పాచిపనికి వచ్చే అమ్మాయి ఎప్పుడు ఒప్పుకుంది? చేబదులు అడగటానికి వచ్చిన పొరుగాయన ఒప్పుకున్నాడా? వ్యక్తిగత సమాచార రక్షణకు మన పార్లమెంటు 2023లో చట్టం చేసింది. కంపెనీలకు అది వర్తిస్తుంది. ఒక వ్యక్తి తన సొంత పనులకు, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి మాత్రం వర్తించదు. అంటే అతిథికి, ఆతిథ్యమిచ్చే మనకు మధ్య ఉన్న సంగతిని చట్టం మన మనస్సాక్షికే వదిలిపెట్టిందన్నమాట. అతిథికి మంచినీళ్ళు ఇవ్వడం మర్యాద గదా! ఈ గదిలో వినే యంత్రం ఉందని చెప్పడం కూడా ఇకమీదట అటువంటి మర్యాదే. నేను ఆ తల్లికి ఆ మర్యాద చేయలేదు. తప్పు యంత్రానిది కాదు, నాది.

రెండవ ప్రశ్న, ఆజ్ఞాపించడం గురించి. అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో, మగ్గం తనంతట తాను నేసి, వీణ తనంతట తాను మ్రోగేట్లయితే యజమానులకు బానిసలతో పని ఉండదు అని ఒకచోట అంటాడు. ఆయన దానిని జరగని పనిగా చెప్పాడు. ఇప్పుడు మాట చెబితే వీణ మ్రోగుతున్నది. బానిసత్వం అవసరం లేకుండా పోవడం మంచిదే. కాని మనిషిలో యజమాని బుద్ధి పోయిందా అన్నది వేరే ప్రశ్న. మా విచారణలో ఒక ఇంట అయిదేళ్ళ బాబు ఆ స్పీకరును "ఆపు! నోర్ముయ్!" అని అరవడం విన్నాను. అందరూ నవ్వారు. కాసేపటికి టీ తెచ్చిన పనిమనిషిని కూడా ఆ బాబు అదే గొంతుతో అరిచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

యంత్రానికి మర్యాద బాకీ ఉన్నామని నేను అనను. దానికి బాధ లేదు, పరువు లేదు. అయితే జంతువులను హింసించేవాడు మనుషుల పట్ల కూడా కఠినుడవుతాడని పునీత తోమా అక్వినాసు వారు 13వ శతాబ్దంలో రాశారు, కాంటు 18వ శతాబ్దంలో చెప్పాడు. ఆ వాదన ఇక్కడ కూడా పనికివస్తుంది. మిక్సీని ఎవరూ తిట్టరు, ఎందుకంటే మిక్సీ మనిషి గొంతుతో పలకదు. ఇది పలుకుతుంది, అందులోనూ ఆడగొంతుతో, ఎన్నిసార్లు కసిరినా కోపం తెచ్చుకోకుండా పలుకుతుంది. అటువంటి గొంతుమీద పిల్లవాడు రోజూ అధికారం అభ్యాసం చేస్తే, ఆ అభ్యాసం ఎవరిమీదకు మళ్ళుతుందో తల్లిదండ్రులు ఆలోచించాలి. ఈ సంగతి గమనించే కాబోలు, దయచేసి అని అడిగిన పిల్లలను మెచ్చుకునే ఏర్పాటును 2018లో రెండు కంపెనీలూ ప్రకటించాయి. పిల్లలకు మర్యాద నేర్పే పనిని కూడా యంత్రానికే అప్పగించడం నాకు పూర్తిగా నచ్చదు.

మూడవది, ప్రేమను గురించినది. ఇదే అన్నిటికన్నా కష్టమైనది. డాలస్ కుర్రవాడు అసలు కోరిక చివరకు చెప్పాడు. అలెక్సా స్పీకర్లలో ఒక సదుపాయం ఉంది. ముందుగా అనుమతి పెట్టి ఉంచితే, దూరానున్న మనిషి పిలిచిన మరుక్షణం, ఇక్కడివాళ్ళు ఎత్తనక్కరలేకుండానే లైను కలిసిపోతుంది. "అమ్మ పడిపోతే ఎలా ఫాదర్? రోజుకు నాలుగుసార్లు వింటే నాకు ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. అతని గొంతులో భయం ఉంది. ఆ భయాన్ని తేలికగా తీసుకోలేను. కళ్ళు కనిపించని తల్లి, అంకె నొక్కకుండా "మా అబ్బాయికి ఫోన్ చెయ్యి" అనగలగడం చిన్న మేలు కాదు. చూపులేనివారికి, మంచంపట్టినవారికి ఈ వస్తువు నిజమైన సహాయం. దానిని కాదనడం నా వాదం కాదు.

కాని అతనిని ఒక్క మాట అడిగాను. "బాబూ, నీ తల్లిని అడిగావా?"

"అమ్మకేం తెలుస్తుంది ఫాదర్!"

అందుకని నేనే వెళ్ళి ఆమెను అడిగాను. అది ఎలా వింటుందో, కొడుకు అక్కడినుండి ఎలా వినగలడో అన్నీ విడమరచి చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి ఇలా అన్నది. "వసారాలో వద్దు స్వామీ. సాయంత్రం ఆడవాళ్ళు నా దగ్గర కూర్చొని వాళ్ళ గోడు చెప్పుకుంటారు. ఇక్కడ చెప్పింది బయటకు పోదని వస్తారు. మంచం పక్కన పెట్టించండి, రాత్రి పడితే పిలుచుకుంటాను. వాడు పిలిస్తే మోగాలి. నేను ఊఁ అంటేనే పలకాలి. నేను ఎత్తకపోతే ఎదురింటివాళ్ళకు ఫోన్ చేయమనండి, వాళ్ళు వచ్చి చూస్తారు."

నేను రెండు రోజులు పుస్తకాలు తిరగేసి చేరలేని చోటికి ఆమె రెండు నిమిషాలలో చేరింది. వినడానికి ఒక హద్దు, పిలవడానికి ఒక మర్యాద, యంత్రం కన్నా ముందు ఒక పొరుగిల్లు.

కాబట్టి కొనదలచిన వారికి నా సలహా ఇది. ఏ కంపెనీది అన్నది రెండవ ప్రశ్న. కంపెనీ షరతులు మారుతుంటాయి. అమెరికాలో కొన్ని అలెక్సా యంత్రాలలో మాటల రికార్డును కంపెనీకి పంపకుండా ఉంచుకునే వీలుండేది, 2025 మార్చి 28తో దానిని తీసివేశారు. కనుక మాటను కాక మీటను నమ్మండి. మైకును ఆపివేసే మీట పైకి కనబడేలా ఉన్నదే కొనండి, దానిని వాడటం ఇంట్లో అందరికీ నేర్పండి. పాత రికార్డులు చెరిపేసే పద్ధతి తెలుసుకొని, నెలకోసారైనా చెరపండి. నలుగురు కూర్చొని మాట్లాడుకునే చోట పెట్టకండి, పెడితే వచ్చినవారికి చెప్పండి. అన్నిటికన్నా ముందు, ఎవరి గదిలో పెడుతున్నారో వారిని అడగండి. నాలాగా, ఎవరో ఇచ్చారని పుచ్చుకొని, ఎక్కడో పెట్టి మరచిపోకండి. మనలో చాలామంది ఇలాంటివాటిని ఎంచుకోవడం లేదు. అవి మన ఇళ్ళలోకి వచ్చి చేరుతున్నాయి, అంతే.

నా స్పీకరును పిల్లలకే తిరిగి ఇచ్చాను. పాటలు నేర్చుకునే గదిలో వాళ్ళకు బాగా ఉపయోగపడుతున్నది. ఎందుకు ఇచ్చానో కూడా చెప్పాను, వాళ్ళు నొచ్చుకోలేదు.

నెలన్నర తరువాత ఆ తల్లి మళ్ళీ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి ముందు అలమర వైపు చూసింది. అక్కడ రిజిస్టర్లు మాత్రమే ఉన్నాయి. అప్పుడు లోపలికి వచ్చి కూర్చున్నది.