‘జాతి’ అనే మాట

మన భాషలో ‘జాతి’ అనే మాట మోస్తున్న బరువు ఇంతా అంతా కాదు. భారతజాతి అంటాం, తెలుగుజాతి అంటాం. పశువుల్లోనూ మామిడిపళ్లలోనూ జాతులున్నాయంటాం. ‘తక్కువజాతి’ అని సాటిమనిషిని తిట్టనూ తిడతాం. ఒకే మాట గర్వానికీ, తిట్టుకూ పనికొస్తున్నదంటే అందులో ఏదో చిక్కు వుండాలి. ‘జన్’ ధాతువు నుంచి వచ్చిన ఈ మాటకు పుట్టుక అని అర్థం. చరిత్ర వల్ల ఏర్పడినదాన్ని పుట్టుకతో వచ్చినట్టు చూపటమే ఆ చిక్కు.

ఇది కేవలం నిఘంటుకారుల సమస్య కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థజాతుల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. అంతకుపూర్వం ఎరుకలు ఉప్పూ, ధాన్యమూ పశువుల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవారు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యమూ, రైళ్లూ కలిసి ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోగొట్టినవాళ్లే, అది పోయినవాళ్ల రక్తంలో దొంగతనం వుందన్నారు! జాబితాకెక్కిన సమూహంలో పుట్టినవాడు ఏ నేరమూ చెయ్యకుండానే అనుమానితుడయ్యాడు. స్టూవర్టుపురం సెటిల్మెంటు ఆ చట్టం కింద నడిచినదే. చట్టం 1952లో రద్దయింది. కాని దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు నిలిచాయి. మాట పోయినా చూపు పోలేదు.

మరి మాట మారిస్తే చాలునా? 1946 నుంచి 1949 దాకా జరిగిన రాజ్యాంగసభ చర్చల్లో జైపాల్ సింగ్ ముండా ‘వనజాతి’ అనటాన్ని ఆక్షేపించి, ‘ఆదివాసి’ అనాలని పట్టుబట్టాడు. ఆయన కోరినది ముద్దుపేరు కాదు. ఈ నేల మీద తమదే మొదటి హక్కన్న వాదం ఆ మాటలో వుంది. రాజ్యాంగం మాత్రం ‘షెడ్యూల్డు తెగలు’ అంది.

వర్గమే సత్యం, జాతులూ తెగలూ మిథ్య అనే మిత్రులు మనలో వున్నారు. ఏజెన్సీలో భూమి చేతులు మారిన తీరు ముందు ఆ వాదన నిలవదు. కోయరైతు పొలం పోయింది అప్పు వల్లనే. అయితే షావుకారుకు ధైర్యమిచ్చింది, వీడు కోయవాడే గదా అన్న చులకన. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి, షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదలాయించటాన్ని నిషేధించవలసి వచ్చింది అందుకే.

అంచేత మాటకు పరీక్ష ఒకటే: దాన్ని ఎవరు, ఎవరిని గురించి, ఏం దక్కించుకోవటానికి వాడుతున్నారు? ప్రజలు తమ హక్కు అడగటానికి చెప్పుకునే పేరు వేరు. ఆ హక్కు కాజేయటానికి పైవాళ్లు అంటించే పేరు వేరు. అక్షరాలు అవే అయినా సరే. తరగతిలో ‘జాతి’కి అర్థం చెప్పే ఉపాధ్యాయుడు ఈ తేడా చెప్పకపోతే, చెప్పింది సగం అర్థమే.