లింగము నిలిచిన చేత కర్ర

ఉదయమున స్నానము ముగించి, విభూతి ధరించి, ఎడమ అరచేత ఇష్టలింగమును నిలిపి, దానియందే చూపు కుదుర్చుట వీరశైవ గృహములలో తరతరాలుగా సాగుచున్న ఆచారము. ఆ పూజ ముగిసిన గంటకే అదే చేత వెదురుకర్ర పట్టి, ఎదుటివాని తలపై దెబ్బ వేయుట అభ్యసింపవచ్చునా? కర్రసాము నేర్చుకొందునని బిడ్డ అడిగిన ప్రతి శరణుల ఇంటను ఈ ప్రశ్న లేచును.

గోదావరిఖని కార్మిక వాడలో అట్టి ఇంటి నొకదానిని ఊహింతము. తాత భూగర్భ గనిలో సర్దారుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడు. బడిలో చదువుచున్న మనుమరాలు దసరా ఊరేగింపులో కర్రసాము చూచి వచ్చి, తానును నేర్చుకొందు ననినది. "మెడలో లింగము కట్టుకొన్న పిల్లవు, చేత కర్ర యేమిటే?" అని తల్లి మందలించెను. "రోజులు బాగుగా లేవు, నేర్చుకొననిమ్ము" అని తండ్రి యనెను. తాత యేమియు పలుకలేదు. తల్లి మాటలో దయ కలదు; తండ్రి మాటలో భయము కలదు. ధర్మనిర్ణయమునకు ఈ రెండును చాలవు. కర్ర యేమి నేర్పునో ముందు తెలిసికొనవలెను.

కర్రసాము తెలుగునాట తాలింఖానాలలోను, సాముగరిడీలలోను వస్తాదుల వద్ద అభ్యసించు విద్య. దసరా ఊరేగింపులలోను, పీర్ల పండుగలోను దీనిని ప్రదర్శించుట కలదు. ఇందు దెబ్బకంటె ముందు అడుగు కుదురవలెను. పాదము నిలుపుట, నడుము త్రిప్పుట, మణికట్టు ఆడించుట పట్టుబడిన పిమ్మట కర్ర త్రిప్పుట వచ్చును. ఎదుటి దెబ్బ కాచుకొనుట వచ్చిన పిదపగాని కొట్టుటకు అర్హత కలుగదు. ఇద్దరు నిలిచి అభ్యసించునపుడు, వేగముగా వచ్చిన కర్ర ఎదుటివాని శరీరమునకు తగులకముందే నిలువవలెను. కొట్టుటకు బలము చాలును. వచ్చుచున్న దెబ్బను నడుమ ఆపుటకు విద్య కావలెను. ఆపలేనివాడు ఎన్నేండ్లు త్రిప్పినను నేర్చినవాడు కాడు.

అయినను తల్లి శంకను తేలికగా త్రోసివేయరాదు. దయ లేనిచోట ధర్మము లేదని బసవేశ్వరుడు బోధించెను. కల్యాణమున శరణుల సంఘము చెదరిపోయిన కథ ఈ శంకకు మరింత బలము నిచ్చును. శరణులకు జరిగిన క్రూరశిక్షకు ప్రతీకారముగా జగదేవుడు మొదలైనవారు బిజ్జలుని వధించిరని బసవపురాణ కథనము. బిజ్జలుని మరణము 1167 ప్రాంతమున సంభవించినది. ఆ వధ వలన చనిపోయినవారు తిరిగి రాలేదు. చెదరిన కల్యాణము కుదుటపడలేదు. అదే విపత్తులో మడివాలు మాచయ్య వెన్నంటి వచ్చిన సేనలను ఎదిరించి, శరణులను, వారి వచనముల తాళపత్రములను కాపాడెనని సంప్రదాయము చెప్పుచున్నది. మాచయ్య కాయకము బట్టలుతుకుట. ఆయుధము ఆయన వృత్తి కాదు. వెనుక నడుచుచున్నవారు సురక్షితముగా సాగిపోవుటయే ఆయన కోరినది. కాలము ఒకటే, ఆగ్రహమునకు కారణము ఒకటే. ఒక ఆయుధము గడచినదానికి పగ తీర్చుకొన్నది, మరియొకటి మిగిలినదానిని కాపాడినది.

ఈ భేదము పురాణకాలముతో ముగిసినది కాదు. పాల్కురికి సోమనాథుని పేరుతో ముడివడిన పాలకుర్తిలో, 1940లలో, చాకలి ఐలమ్మ పండించిన పంటను దొర మనుష్యులు కాజేయ యత్నింపగా, సంఘము కార్యకర్తలు అడ్డునిలిచి ధాన్యమును ఆమె ఇల్లు చేర్చిరి. ఆ పోరాట దినములలో తెలంగాణ పల్లెజనుల చేతనున్నవి చాలవరకు కర్ర, వడిసెల, కారపు పొడి. అచ్చట కర్ర ఒక పేదరాలి గింజలకు కావలి కాచినది.

దీనికి భిన్నమైన దృశ్యము కర్నూలు జిల్లా హొళగుంద మండలములోని దేవరగట్టున కనబడును. విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవమున, ఉత్సవమూర్తులను దక్కించుకొనుటకై ఊళ్ల జనము కర్రలతో తలపడును. ఏటేట తలలు పగులుచున్నవి. కొన్ని సంవత్సరములలో ప్రాణములును పోయినవి. అచ్చటివారి భక్తి కపటమని అనరాదు. అయినను గుంపులో, చీకటిలో, దివిటీల వెలుగున విసరిన కర్రకు ఎవరి తల తగిలినదో కొట్టినవానికే తెలియదు. ఎవరికి తగులునో ఎరుగని దెబ్బ దేవుని సన్నిధిలో వేసినను పూజ కానేరదు.

కాబట్టి కర్ర పట్టవచ్చునా, పట్టరాదా అను ప్రశ్న చాలదు. కర్ర పట్టినవాడు వినుచున్నాడా, లేదా అని అడుగవలెను. ఈ మాట ఇతరులకంటె బొగ్గు గని ఎరిగిన రామగుండము వారికి సులభముగా బోధపడును. భూగర్భ గనిలో సర్దారు చేత కర్ర యుండును. కార్మికులు పనిచోటికి చేరకముందే అతడు దానితో పైకప్పును తట్టి చూచును. గట్టి కప్పు ఖంగుమని పలుకును. పగులువారి వదులైన కప్పు డొల్లగా మ్రోగును. మరియొక చేతి వ్రేళ్లను కప్పునకు ఆనించి, తట్టినపుడు పుట్టు అదురును పరీక్షించును. డొల్ల పలికినచోట వదులు రాతిని దింపించియో, ఆసరాలు నిలిపించియో గాని మనుష్యులను ముందుకు పోనీయడు. ఒక చేయి తట్టును, మరియొక చేయి వినును. వినెడి చేయి లేనిచో ఆ తట్టుట వట్టి చప్పుడే.

ఇష్టలింగపూజ ఆ వినెడి చేతిని సిద్ధపరచు సాధన. లింగము అరచేత నున్నంతసేపు ఆ చేయి వణకరాదు, తొందరపడరాదు, తనను తాను మరువరాదు. ఆ నిలుకడ కర్రలోనికి దిగినచో సాము కాయకమగును. దిగనిచో అది కండబలపు ప్రదర్శనగా మిగులును. కావున లింగము నిలుపు చేతికి కర్ర తగదనుటకంటె, లింగము నిలుపుట నేర్వని చేతికి కర్ర అప్పగింపరాదనుట సమంజసము.

మఠమునకు ఈ విద్యతో పనియేమని కొందరు అడుగవచ్చును. రుద్రమదేవి కాలపు మల్కాపురము శాసనము, 1261 నాటిది, గోళకీ మఠమునకు చెందిన విశ్వేశ్వర శివాచార్యుని ధర్మకార్యములను వివరించుచున్నది. అందు విద్యాలయము, ఆరోగ్యశాల, ప్రసూతిశాలలతోపాటు గ్రామ రక్షకుల నియామకమును కలదు. ఆ మఠము వీరశైవ మఠము కాకపోయినను దాని క్రమము గమనింపదగినది. బాలెంత నిదురించు చోటికి కావలివాడు కావలెను. కావలివానికి తాను దేనిని కాచుచున్నాడో కన్నులయెదుట కనబడుచుండవలెను.

మఠముల ఆవరణలలో కర్రసాము నేర్పదలచినచో, బాలురతోపాటు బాలికలను చేర్చుకొనవలెను, కులము అడుగరాదు. స్త్రీపురుష భేదమును, జాతిభేదమును నిరాకరించిన గురువు పేర నడచు చోట తలుపులు సగము తెరచుట తగదు. నేర్చిన విద్యను పంతమునకు, ఎన్నికల గుంపులకు, ఊరేగింపుల కలహములకు వాడినవానిని గరిడీ నుండి తొలగించు నియమము మొదటినాడే చెప్పవలెను. ఎంతటి దెబ్బ వేసెనని గాక, ఎచ్చట ఆపెనని చూచి శిష్యుని మెచ్చుకొనవలెను.

ఆ ఇంటి తాత యేమి చేయవలెను? మనుమరాలిని కూర్చుండబెట్టి, గనిలో తాను కప్పును తట్టిన రీతిని ముందుగా చెప్పవలెను. డొల్ల పలికిననాడు ఎందరిని వెనుకకు పంపెనో చెప్పవలెను. అది వినిన పిమ్మట, కర్ర ఆమె చేతికి ఇచ్చుటకు తల్లియు వెనుకాడదు.